శ్రీకాకుళం జిల్లాలో ఉచిత ఏఆర్‌టీ సేవ: మాత్రకు ఐదు, మాటకు రెండు

హెచ్‌ఐవీని అణిచిపెట్టే మందుల వైద్యమే ఏఆర్‌టీ. ముందు మందు సంగతి. ఇప్పుడిస్తున్న టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములుంటాయి. రోజుకొకటే మాత్ర, పైసా ఖర్చు లేదు. పాత ఎఫావిరెంజ్ తెచ్చే తలతిప్పుకీ పీడకలలకీ భయపడి మానేసినవాళ్లుండేవారు. ఆ బాధ చాలావరకు పోయింది. ఐదుకి ఐదు.

చిక్కంతా సీసాతో. 30 మాత్రల సీసా సంచిలో గలగలమంటే బస్సులో పక్కవాడు "ఏటిది?" అంటాడు. అందుకే ఏఆర్‌టీ కేంద్రం గేటు దాటకముందే లేబుల్ గీకేసి, మాత్రలు కాగితంలో పొట్లం కట్టుకుంటారు. మన ఉక్కపోతకి అవి చెమ్మెక్కిపోతాయి. లోపలి తేమ పీల్చే పొట్లం తియ్యకుండా మాత్రలు సీసాలోనే ఉంచాలి. ఈ ముక్క కౌంటర్లో చెప్పేవాళ్లు తక్కువ.

"టైముకి ఏసుకో, మర్సిపోకు" అనడమే కౌన్సెలింగ్ అనుకుంటే కష్టం. అందుకే మాటకి ఐదుకి రెండే. మానేసేది మతిమరుపుతోనే కాదు. పెళ్లికో అమ్మవారి సంబరానికో ఇల్లు చుట్టాలతో నిండితే, అత్తింట్లో చెప్పుకోని కోడలు మూడ్రోజులు మాత్ర ముట్టదు. 30లో రెండు తప్పినా 93 శాతమే, కావాల్సింది 95. మందు కొట్టిన రాత్రి మాత్ర పడదని ఒగ్గేసేవాళ్లు ఇంకొందరు. తాగినా మాత్ర ఆపకూడదని వాళ్లకి తిట్టకుండా చెప్పాలి. దిగులుతో మంచం పట్టినవాళ్లని "నిద్ర పడుతోందా?" అని అడగాలి.

తిట్లు ఏం చేస్తాయో కేంద్రంలో సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టేటప్పుడు తెలుస్తుంది. తిడతారని మిగిలినవి పారబోసి ఖాళీ సీసా తెస్తారు. కాగితం మీద నూరు శాతం, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) చూస్తే వెయ్యి దాటి ఉంటుంది.

గుజరాత్‌లోని వేరావల్ చేపల బోట్లకి, చెన్నై పనులకి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే ఏఆర్‌టీ పుస్తకం చూపించి అడగాలి. నిలకడగా ఉన్నవారికి ఒకేసారి కొన్ని నెలల మందు ఇచ్చే వీలుంది, వెళ్లే ఊరి కేంద్రానికి మార్పించుకోవచ్చు కూడా. రైలెక్కాక అడిగితే లాభం లేదు.

గర్భిణులకిచ్చే ఐరన్, కాల్షియం బిళ్లలు పరగడుపున దీంతో కలిపి మింగితే డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. గ్యాస్ సిరప్‌లతోనూ అంతే. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి.

ఏఆర్‌టీ వాడేవారికి నెలకి 4,000 రూపాయల ప్రభుత్వ పింఛనుంది. ఇంటికొచ్చి ఇస్తే వీధికి తెలుస్తుందని అర్జీ పెట్టనివాళ్లున్నారు. గుట్టు కాపాడాలని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. ఎవరైనా బయటపెడతారన్న భయముంటే పేరు చెప్పకుండా హెచ్‌ఐవీ సహాయ నంబరు 1097కి ఫోన్ చేసి అడగొచ్చు, కాల్‌కి డబ్బు పడదు.