వైజాగ్ "సోలో ప్యాకేజీ" కొనబోతున్నారా? కడప వాళ్ళు ముఖ్యంగా చదవండి

కడపలో ఒక ట్రావెల్స్ వాళ్ళు "ఒంటరిగా, తీరిగ్గా వైజాగ్" అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిప్పుతున్నారు. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు ఇక్కడ రాయను, కానీ డబ్బు పంపే ముందు ఇది చదవండి.

బీచ్ రోడ్డులో సముద్రం కనబడే రూము, మనకే సొంతంగా ఒక కారు, హార్బర్‌లో క్రూయిజ్, ఎక్కడ ఎంతసేపు ఉండాలనిపిస్తే అంతసేపు ఉండొచ్చు అన్నారు. పైగా "మేడమ్, ఒంటరి ఆడవాళ్ళకు ఫుల్ సేఫ్, ఇంట్లోవాళ్ళకు టెన్షన్ అక్కర్లేదు" అని భరోసా. రైలు టికెట్టు కాకుండా 14,500 రూపాయలు. నేను వెతుకుతున్నదీ అలాంటిదే, గుడులూ పార్కులూ లెక్కపెట్టుకుంటూ పరిగెత్తడం కాకుండా ఓడలు వచ్చిపోయే ఊళ్ళో ఇష్టమొచ్చినట్టు తిరగడం. సముద్రం లేని జిల్లావాళ్ళం కదా, ఓడ అంటే మనకు అదో పిచ్చి.

డబ్బు కట్టేసి బయల్దేరాను. వైజాగ్‌లో తిరుమల ఎక్స్‌ప్రెస్ దిగి స్టేషన్ బయటికొస్తే కారు లేదు, టెంపో ట్రావెలర్ ఉంది, అందులో అప్పటికే కొన్ని కుటుంబాలు సర్దుకుని కూర్చున్నాయి. ఫోన్ చేస్తే "ఈ ఒక్క పూటకే మేడమ్, అడ్జస్ట్ అవ్వండి" అన్నారు. ఆ ఒక్క పూట ఎంతకీ అయిపోలేదు. రూము గాజువాకలో, హైవే పక్క లాడ్జి. అక్కడినుంచి ఆర్కే బీచ్ దాదాపు 15 కిలోమీటర్లు, కిటికీ తీస్తే లారీలు. సముద్రం ఏదీ అని అడిగితే రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు పాపం దాచకుండా చెప్పాడు, ఆ ఏజెంటు పంపినవాళ్ళందరూ ఇదే అడుగుతారట. రూములో ఒక్కరే ఉంటున్నారు కాబట్టి "సింగిల్ ఛార్జీ" అని ఇంకో 2,400 కూడా కట్టించుకున్నారు. సోలో ప్యాకేజీకి సింగిల్ ఛార్జీ ఏంటి సామీ?

క్రూయిజ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనం పడిపోయేది దానికే. ప్రకటనలో పెద్ద తెల్ల ఓడ ఫొటో ఉంటుంది. వైజాగ్ పోర్టులో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైన మాట నిజమే, కానీ అలాంటి ఓడలు ఎప్పుడో కొన్ని తేదీల్లో వస్తాయి, వాటి టికెట్టు వేరే, ధర వేరే, రోజూ సాయంత్రం మనల్ని ఎక్కించుకుని హార్బర్ చుట్టూ తిప్పి దించే బాపతు కాదు. లోపలి హార్బర్ పోర్టు వాళ్ళ చేతుల్లో, తూర్పు నౌకాదళం కాపలాలో ఉండే చోటు, ఏజెంటు చెప్పాడని ఎవరూ అక్కడికి పడవేసుకుని పోలేరు. మాకు చూపించిన "క్రూయిజ్" రుషికొండలో ఒక మోటారు బోటు. దానికీ టికెట్టు మనమే కొనుక్కోవాలి. గట్టిగా అడిగితే "ఈరోజు నేవీ వాళ్ళు ఆపేశారు మేడమ్" అన్నారు. నేవీ పేరు చెబితే ఎవరూ ఎదురు అడగరని వాళ్ళ ధైర్యం.

ఇంక ఐఎన్‌ఎస్ కురుసుర. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి, 2002 నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. సోమవారం సెలవు. వైజాగ్ ఆటోవాళ్ళను ఎవర్ని అడిగినా చెబుతారు, రోజూ మనుషుల్ని పంపేవాళ్ళకు తెలియదా? మమ్మల్ని సోమవారమే తీసుకెళ్ళి బయటినుంచే ఫొటోలు దిగమన్నారు. జీడిపప్పు షాపు దగ్గర మాత్రం గంటకు పైగా ఆపారు, అక్కడ టైముకు కొదవ లేదు. (డ్రైవర్‌ని ఏమీ అనను, ఆయనకు ఇచ్చిన కాగితంలో అలాగే ఉంది.)

మర్నాడు టెంపో ఎక్కనని చెప్పేసి నేనే తిరిగాను. ఆ ఊరికి ఇలాంటి ప్యాకేజీ అవసరమే లేదు, నిజం. తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌కి పోతే, వాసన తట్టుకోగలిగితే, చేపల వేలం చూడొచ్చు. పాతనగరంలో పోర్టు పక్కనే మూడు కొండలున్నాయి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. పైకెక్కితే 1933లో మొదలైన ఆ పోర్టు కింద పరుచుకుని ఉంటుంది, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్య కాలువలో ఓడల్ని లాక్కొచ్చే చిన్న టగ్గు పడవల వెంట మెల్లగా లోపలికొచ్చే ఓడ. పెద్ద దర్గా ఉన్న కడపదాన్ని కదా, నేను దర్గా కొండ మీదే ఎక్కువసేపు కూర్చున్నా. "మేడమ్, పది నిమిషాలే" అని చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. కురుసుర కూడా లోపలికెళ్ళి చూశా. సాయంత్రం బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి 900కె సిటీ బస్సు, కిటికీ పక్క సీటు దొరికితే అంతకు మించిన కారు ఇంకేం కావాలి.

తిరిగొచ్చి డబ్బు అడిగితే "జీఎస్టీ పోను మాకు మిగిలిందే లేదు" అన్నారు. ఇచ్చిన రసీదులో జీఎస్టీ నంబరే లేదు, యూపీఐలో డబ్బు పోయింది ఎవరిదో సొంత ఖాతాకు. మన రాష్ట్రంలో ఆ నంబరు 37తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలూ అంకెలూ, జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే సంస్థ పేరు వచ్చేస్తుంది. అడ్వాన్స్ అడిగిన రోజే నంబరు అడగండి. రూము ఏ హోటల్లోనో పేరు రాసిమ్మనండి, ఆ హోటల్‌కి మీరే ఫోన్ చేయండి. "సీ వ్యూ" అని నోటితో చెప్పింది లెక్కలోకి రాదు.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదు వెళ్ళాక ఏజెంటు గొంతు మారింది. సగం ఇస్తాం, ఎక్కడా రాయకండి అన్నాడు. వద్దన్నాను. ఇప్పుడు ఊరు పేరు మార్చి "ఒంటరిగా, తీరిగ్గా కొచ్చి" అని తిప్పుతున్నారు, ఓడ ఫొటో కూడా మార్చలేదు.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళుంటే ఆ వాట్సాప్ మాటలూ, యూపీఐ స్క్రీన్‌షాట్లూ చెరపకుండా ఉంచి నాకు మెసేజ్ పెట్టండి. ఒకేలా నష్టపోయినవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చు.