రాతి కోర్ల పరీక్షా సేవ: కొలతలో దిట్ట, నివేదికలో పొదుపరి

ఒక సొరంగం పని కోసం తీసిన రాతి కోర్లను, అంటే డ్రిల్లుతో తొలిచి తీసిన స్తంభాకారపు నమూనాలను, ఇటీవల ఒక ప్రైవేటు పరీక్షాశాలకు పంపి, ఏకాక్ష సంపీడన పరీక్ష (కోర్‌ను పై నుంచి మాత్రమే నొక్కేది), ట్రయాక్సియల్ పరీక్ష (చుట్టూ పీడనం పెట్టి పై నుంచి నొక్కేది), బ్రెజీలియన్ పరీక్ష (రాతి బిళ్లను అంచుల మీద నొక్కి చీల్చేది) అనే మూడు సేవలనూ వాడుకున్నాను. పంపినవాటిలో గ్రానైటు, పొరలు పొరలుగా ఉండే షిస్టు, కొంత చలువరాయి ఉన్నాయి. నమూనాల తయారీలోనూ యంత్రం నడపడంలోనూ వీరి పనితనానికి వంక పెట్టడానికి లేదు. అయితే రాయి ఎంత బలానికి విరిగిందో చెప్పినంత శ్రద్ధగా ఎలా విరిగిందో చెప్పలేదు. డిజైను చేసేవారికి ఆ రెండోది తెలియకపోతే మొదటిది అంతగా అక్కరకు రాదు.

ముందుగా నమూనాల తయారీ గురించి చెప్పాలి, ఎందుకంటే చాలా పరీక్షాశాలలు తేలిపోయేది ఇక్కడే. ఏకాక్ష పరీక్షకు కోర్ వ్యాసం సుమారు 54 మిల్లీమీటర్లకు తగ్గకూడదని, ఎత్తు వ్యాసానికి రెండున్నర నుంచి మూడు రెట్లు ఉండాలని, రెండు చివరలూ 0.02 మిల్లీమీటరు లోపు చదునుగా ఉండాలని అంతర్జాతీయ రాతి యాంత్రికశాస్త్ర సంఘం సూచిస్తుంది. ఈ చదును సంగతి చాదస్తంలా కనిపిస్తుంది గానీ, చివర ఒక పక్క వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా యంత్రపు ఫలకం మొదట ఆ మూలనే తాకుతుంది, బరువంతా అక్కడే పడుతుంది, అక్కడి నుంచి నిలువునా ఒక పెచ్చు లేచిపోతుంది. అప్పుడు వచ్చే అంకె రాతిది కాదు, రంపానిది. నేను వెళ్లిన రోజున అక్కడి టెక్నీషియన్ సానబట్టిన చివర మీద ఉక్కు బద్దను నిలబెట్టి, వెనుక దీపం ఉంచి, సందులోంచి వెలుగు గీత కనిపించిన ప్రతి కోర్‌నూ మళ్లీ సానకు పంపుతున్నారు. ఆ తరువాతే డయల్ గేజితో కొలుస్తున్నారు. ఎత్తు చాలని రెండు కోర్లను కారణం రాసి తిప్పి పంపేశారు. ఏదో ఒక అంకె వేసి చేతులు దులుపుకునేవారిని చూసిన నాకు ఇది ఎంతో నచ్చింది.

యంత్రం బిగువైన ఫ్రేముతో, సర్వో నియంత్రణతో పనిచేసేది. దీని విలువ తెలియాలంటే పాతరకం యంత్రాల తీరు గుర్తుచేసుకోవాలి. రాతిని నొక్కుతున్నంతసేపూ ఫ్రేము కూడా స్ప్రింగులా సాగి శక్తిని దాచుకుంటుంది. రాయి గరిష్ఠ బలం దాటి కాస్త లొంగగానే ఆ శక్తంతా దాని మీద విరుచుకుపడి, కోర్ పెద్ద చప్పుడుతో తునాతునకలవుతుంది. శిఖరం దాటాక రాయి ఎలా ప్రవర్తిస్తుందన్నది అక్కడితో గల్లంతే. ఇక్కడ మాత్రం కోర్ నడుము ఎంత ఉబ్బుతోందో కొలుస్తూ, దాన్నిబట్టి బలాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతారు కనుక, వక్రరేఖలో దిగుడు భాగం కూడా దక్కుతుంది.

ఒక గ్రానైటు కోర్ పరీక్షను దగ్గరుండి చూశాను. ప్రతిబలం–వికృతి రేఖ (ఎంత ఒత్తిడికి రాయి ఎంత కుదించుకుందో చూపేది) మొదట్లో బద్ధకంగా లేచి క్రమంగా నిటారైంది. రాతిలో ముందునుంచీ ఉన్న సన్నని పగుళ్లు మూసుకోవడం వల్ల అలా జరుగుతుంది. తరువాత చాలా దూరం బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా సాగింది. రాతి బిగువును చెప్పే యంగ్ గుణకాన్ని లెక్కగట్టేది ఈ భాగం నుంచే. బలం గరిష్ఠంలో సగానికి చేరువవుతుండగా, లోపలి చిటపటలను వినే సెన్సర్ల తెర మీద చుక్కలు పడసాగాయి. నిలువు వికృతి ఇంకా తిన్నగానే ఉంది, నడుముకు కట్టిన గేజి రేఖ మాత్రం పక్కకు వాలింది. అంటే బలం పడుతున్న దిశకు సమాంతరంగా, నిలువునా కొత్త పగుళ్లు తెరుచుకుంటున్నాయన్నమాట. మరికొంతసేపటికి, అంతవరకు తగ్గుతూ వచ్చిన ఘనపరిమాణం వెనుదిరిగి పెరగసాగింది. నొక్కుతుంటే రాయి ఉబ్బుతుందని ఎన్నిసార్లు చదివినా, తెర మీద ఆ రేఖ మలుపు తిరగడం చూస్తే కలిగే ఆశ్చర్యం వేరు. ఆ మలుపు దాటాక బలాన్ని పెంచకుండా అక్కడే నిలిపి ఉంచినా పగుళ్లు పెరుగుతూనే ఉంటాయి, కొంతకాలానికి రాయి విరుగుతుంది. కాబట్టి సొరంగం గోడ ఏళ్ల తరబడి నిలుస్తుందా అని అడిగేవారు గరిష్ఠ బలం కంటే ముందు ఈ మలుపును చూడాలి. చివరికి కోర్ ఒంటి నుంచి పలుచని పెచ్చులు విడివడ్డాయి, ఒక ఏటవాలు పగులు వెంట తెల్లటి పిండి రాలింది.

ఇంత చూసి వచ్చాక నివేదిక అందితే, అందులో ఒక్కో కోర్‌కు గరిష్ఠ బలం, యంగ్ గుణకం, పాయిజాన్ నిష్పత్తి (నిలువునా కుదించుకున్నదానితో పోలిస్తే పక్కకు ఎంత ఉబ్బిందో చెప్పేది), అడుగున సగటు, అంతే ఉన్నాయి. వక్రరేఖలు లేవు, విరిగిన కోర్ల ఫోటోలు లేవు, విరిగిన తీరు అనే గడిలో అన్నిటికీ ‘పెళుసు విచ్ఛిత్తి’ అనే ఒకే మాట. మూడు గ్రానైటు కోర్లలో రెండింటి బలం దగ్గరదగ్గరగా ఉండగా మూడోది సగానికి పడిపోయింది. తునకలను తెప్పించుకుని, టేపుతో అతికి చూస్తే గాని సంగతి బయటపడలేదు. మొదటి రెండింటి పగులు ముఖాలు గరుకుగా, తాజాగా ఉన్నాయి. మూడోదాని ముఖం నున్నగా, ఆకుపచ్చని క్లోరైటు ఖనిజపు పూతతో, గోరుతో గీకితే పొడి రాలేలా ఉంది. అది ఎప్పటినుంచో రాతిలో ఉన్న జాయింటు, అంటే సహజమైన పాత పగులు. కోర్ దాని వెంట జారిపోయింది. ఆ అంకె చెప్పేది జాయింటు పట్టు గురించి. దాన్నీ చెక్కుచెదరని రాతి బలాన్నీ ఒకే గాటన కట్టి సగటు తీయడం వల్ల, రెండింటికీ చెందని మూడో అంకె ఒకటి పుట్టుకొచ్చింది. ఫోన్ చేసి అడిగితే, “వర్క్ ఆర్డర్లో మీరు అది అడగలేదు కదండీ” అన్నారు.

షిస్టు విషయంలో ఈ లోపం ఇంకా ముదిరింది. అభ్రకం పొరలు ఒకే దిక్కుగా పరుచుకున్న ఇలాంటి రాతి బలం, బలం పడే దిశకూ పొరలకూ మధ్య కోణాన్ని బట్టి మారుతుంది. కోణం 30 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడు పొర వెంట సులభంగా జారి అతి తక్కువ బలం చూపుతుంది, పొరలు అడ్డంగా ఉంటే ఎంతో ఎక్కువ మోస్తుంది. నివేదికలో ఒక్క కోర్‌కూ ఆ కోణం రాయలేదు.

ట్రయాక్సియల్ పని చక్కగా చేశారు. చలువరాయి కోర్ తక్కువ పీడనంలో ఏటవాలుగా విరిగింది. ఎక్కువ పీడనంలో విరగడం మాని పీపాలా ఉబ్బింది. ఇటలీలోని కరారా చలువరాయి మీద శాస్త్రవేత్త ఫాన్ కార్మాన్ 1911లో ప్రకటించిన ఫలితాలు గుర్తొచ్చాయి. నా అభ్యంతరమల్లా గ్రానైటుకు ఎంచుకున్న పీడనాల మీద. మా సొరంగం 300 మీటర్ల లోతున ఉంది. అక్కడ పైరాతి బరువు వల్ల కలిగే ప్రతిబలం సుమారు 8 మెగాపాస్కల్, తవ్విన గోడ ముఖం వద్దనైతే పక్క ఒత్తిడి దాదాపు సున్నా. వీరు లోతు ఎంతో అడగకుండా 20, 40, 60 మెగాపాస్కల్ వద్ద పరీక్షించి, మూడు బిందువుల గుండా సరళరేఖ గీసి సంసక్తిని, అంటే పక్క ఒత్తిడి లేకున్నా రాతికి ఉండే అంటుకునే పట్టును, తేల్చారు. నిజానికి ఏ ఒత్తిడిలో రాయి విరుగుతుందో చూపే మోర్ విచ్ఛిత్తి రేఖ వంపు తిరిగి ఉంటుంది. పై భాగానికి గీసిన సరళరేఖను సున్నా దాకా పొడిగిస్తే సంసక్తి ఉన్నదానికంటే ఎక్కువగానూ, ఒత్తిడితో పాటు బలం ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘర్షణ కోణం తక్కువగానూ వస్తాయి. గోడ దగ్గర రాయి ఉన్నదానికంటే గట్టిదని నమ్మించే పొరపాటు ఇది.

బ్రెజీలియన్ పరీక్షలో చెప్పుకోవలసిందేమీ లేదు. బిళ్లలన్నీ నడిమధ్యన నిలువునా చీలాయి, లాగుడును తట్టుకునే తన్యతా బలం సంపీడన బలంలో పదో వంతు లోపే వచ్చింది.

రెండోసారి రాతపూర్వకంగా అడిగాక వక్రరేఖల డేటా అంతా పంపారు, జాయింటు వెంట జారిన కోర్‌ను వేరే వరుసలో చూపి సగటు మార్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. ఏకరీతి గ్రానైటుకైతే మళ్లీ వీరికే పంపుతాను. షిస్టు పంపేటప్పుడు మాత్రం పొరల కోణం, విరగకముందూ విరిగాకా ఫోటోలు, కోర్ తడిగా ఉందా ఆరబెట్టారా అన్న వివరం, 10 మెగాపాస్కల్ లోపు కనీసం రెండు పీడనాలు కావాలని వర్క్ ఆర్డర్లోనే రాయిస్తాను, తునకలను పారేయవద్దని కూడా.