డైవింగ్ చేసే జంటకు కరీబియన్ ఆల్ ఇన్‌క్లూజివ్: ముందు పడవ చూడండి, తర్వాతే గది

క్యాంకూన్ చూసొచ్చిన తెలుగు కుటుంబాలు మా హ్యూస్టన్‌లో ఎవరిని కదిలించినా దొరుకుతాయి. రిసార్ట్ ఎలా ఉందని అడిగితే బఫే గురించి, బీచ్ గురించి, పూల్ గురించి గంటసేపు చెప్తారు. భార్యాభర్తలు ఇద్దరూ డైవింగ్ చేసేవాళ్ళయితే మాత్రం ఆ వివరాలతో పని జరగదు. మా ఆయనా నేనూ కొన్నేళ్ళుగా చలికాలం సెలవులు దాదాపు అన్నీ కరీబియన్ నీళ్ళలోనే గడుపుతున్నాం, ఎక్కువసార్లు మెక్సికోలోని కోజుమెల్ ద్వీపం, మధ్యమధ్యలో హోండురాస్‌లోని రోవటాన్, వెనెజులా తీరానికి దగ్గర్లోని బొనేర్. పెద్ద ఆల్ ఇన్‌క్లూజివ్‌లలో ఉన్నాం, డైవర్ల కోసమే కట్టిన చిన్న రిసార్ట్‌లలోనూ ఉన్నాం. ఇన్ని చూశాక నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: ముందు పడవను ఎంచుకోండి, హోటల్ దాని వెనకాలే వస్తుంది. పొద్దున ఎనిమిదింటికి ఎక్కే పడవ బాగుంటే సెలవు బాగుంటుంది, అది బాగోలేకపోతే ఫైవ్ స్టార్ గది ఉన్నా ఏం లాభం లేదు.

డబ్బు సంగతి మొదట తేల్చుకుందాం. మీరు కట్టే ప్యాకేజీలో గది, తిండి, మందు, కయాక్ లాంటివి వస్తాయి. డైవింగ్‌కి చాలా చోట్ల విడిగా కట్టాలి. వెబ్‌సైట్‌లో ఉచిత స్కూబా అని రాసి ఉంటే అది చాలావరకు కొత్తవాళ్ళకు స్విమ్మింగ్ పూల్‌లో కాసేపు చూపించే డెమోనే, సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళకు దాంతో ఉపయోగం లేదు. రెండు ట్యాంకుల పడవ డైవ్, అంటే ఒకే ట్రిప్‌లో రెండుసార్లు దిగేది, ఒక్కొక్కరికి వంద డాలర్లు అనుకున్నా, ఇద్దరికి ఐదు రోజులకు వెయ్యి డాలర్లు, అది గది అద్దె పైన. సాండల్స్ వాళ్ళ రిసార్ట్‌లు ఇందులో వేరు: సర్టిఫైడ్ డైవర్లకు రోజుకు రెండు ట్యాంకుల వరకు ప్యాకేజీలోనే ఇస్తారు, నైట్ డైవ్‌లకూ కోర్సులకూ మాత్రం విడిగా తీసుకుంటారు. పైకి వాళ్ళ ధర ఎక్కువగా కనిపిస్తుంది కానీ డైవ్‌ల ఖర్చు కలిపి పోల్చి చూస్తే తేడా బాగా తగ్గిపోతుంది. ఈ లెక్క వేసుకోకుండా రెండు హోటళ్ళ రేట్లు పక్కపక్కన పెట్టి చూడటం దండగ.

ఇక కోజుమెల్. మేము మళ్ళీ మళ్ళీ వెళ్ళేది అక్కడికే కాబట్టి ఎక్కువ చెప్పగలిగేదీ దాని గురించే. ఈ ద్వీపంలో మంచి రీఫ్‌లు (పగడపు దిబ్బలు) అన్నీ పడమటి వైపున, అందులోనూ దక్షిణం కొసకు దగ్గరగా ఉన్నాయి: పలాంకార్, సాంటా రోసా, కొలంబియా. 1996లో దీన్ని నేషనల్ పార్క్ చేశారు. లోపల చేతికి గ్లవ్స్ వేసుకోనివ్వరు, రోజుకింత అని పార్కు రుసుము కట్టాలి. శాన్ మిగెల్ ఊళ్ళో ఉన్న హోటల్ తీసుకుంటే పలాంకార్ చేరడానికి పడవలో ముప్పావు గంట దాకా పడుతుంది, దక్షిణపు హోటళ్ళ నుంచి పది పదిహేను నిమిషాలు. మ్యాప్‌లో చిన్నగా కనిపించే ఈ దూరమే రోజంతటినీ మార్చేస్తుంది. దక్షిణాన ఉంటే రెండు డైవ్‌లు చేసి ఒంటిగంటలోపు జెట్టీకి వచ్చేస్తాం, తడి బట్టలు మార్చుకుని వేడివేడిగా భోజనం. ఊళ్ళో ఉంటే వచ్చేసరికి రెండున్నర, ఆకలితో ప్రాణం పోతుంటే బఫేలో గిన్నెలు సర్దుతుంటారు. ఒక పెద్ద హోటల్‌లో మాకు రోజూ ఇదే గొడవ. లంచ్ టైమింగ్‌కీ డైవ్ పడవ టైమింగ్‌కీ సంబంధం లేకుండా పెట్టారు, అడిగితే రూమ్ సర్వీస్‌కి చెప్పుకోమన్నారు. ఊళ్ళో ఉండటంలో సుఖం లేదని కాదు, సాయంత్రం బయట టాకోలు తినాలన్నా, నడవాలన్నా అదే బాగుంటుంది. డైవింగే ప్రధానం అనుకుంటే మాత్రం దక్షిణం.

జెట్టీ హోటల్‌లోనే ఉందా అన్నది రెండో ప్రశ్న. ఉంటే, బయటి డైవ్ షాపు పడవల్ని అక్కడ ఆపనిస్తారా? కొన్ని హోటళ్ళు తమ షాపు తప్ప ఇంకెవరినీ రానివ్వవు, అప్పుడు వాళ్ళ షాపు ఎలా ఉంటే అలా సర్దుకోవాలి. చిన్న షాపులు ఒక డైవ్‌మాస్టర్‌కి (నీళ్ళలో దారి చూపే గైడ్) ఆరుగురు, ఎనిమిది మందిని తీసుకెళ్తాయి, పెద్ద హోటల్ పడవల్లో ఒక్కోసారి అంతకు రెట్టింపు మంది ఎక్కుతారు, అందులో నిన్ననే సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళూ ఉంటారు. మెయిల్ రాసి ముందే అడిగితే చెప్తారు. జవాబు నీళ్ళు నములుతున్నట్టుగా వస్తే అక్కడ బుక్ చేయొద్దు.

మొదటి రోజు నేను జెట్టీకి అరగంట ముందే వెళ్తాను. ట్యాంకు వాల్వ్ దగ్గర ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) పగుళ్ళు లేకుండా మెత్తగా ఉందా, వాల్వ్ కొద్దిగా తిప్పినప్పుడు వచ్చే గాలికి నూనె వాసన ఏమైనా ఉందా, గేజ్ మూడు వేల పీఎస్ఐకి దగ్గరగా చూపిస్తోందా చూస్తాను. పడవలో ఆక్సిజన్ కిట్ ఎక్కడుందో చూపించమని అడుగుతాను. మంచి షాపులో ఈ ప్రశ్నకు ఎవరూ మొహం చిట్లించరు, వెంటనే సీటు కింది నుంచి ఆకుపచ్చ సిలిండర్ ఉన్న పెట్టె బయటికి లాగి చూపిస్తారు. కెమెరా కడిగే తొట్టిలో నీళ్ళు నిన్నటివా ఇవాళ్టివా అన్నది చూసినా ఆ షాపు పద్ధతి సగం తెలిసిపోతుంది. తిరుగు ప్రయాణానికి ముందు పేరుపేరునా పిలిచి తలలు లెక్కపెడుతున్నారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం.

కోజుమెల్ డైవింగ్ అంతా ప్రవాహంలో కొట్టుకుపోతూ చేసేది. దూకిన చోటికి మళ్ళీ రాం, పడవే మన బుడగల్ని వెంబడిస్తూ వచ్చి తేలిన చోట ఎక్కించుకుంటుంది. కాళ్ళు ఆడించే పనే ఉండదు కాబట్టి ఇద్దరికీ ఒకే సత్తా లేకపోయినా సుఖంగా సాగిపోతుంది, కానీ గాలి విషయంలో జంటలకు ఇక్కడే చిక్కు వస్తుంది. మా ఆయన పొడుగు మనిషి, ఊపిరి పెద్దది, నా ట్యాంకులో ఇంకా సగం ఉండగానే ఆయనది అడుగంటుతుంది. ఇద్దరం కలిసి పైకి రావాలి కాబట్టి నా డైవ్ కూడా అక్కడితో ఆఖరు. దీనికి మందు ఉంది: మామూలుగా ఇచ్చే అల్యూమినియం 80 బదులు ఎక్కువ గాలి పట్టే స్టీల్ 100 లేదా 120 ట్యాంకు అడగండి, కొద్దిగా ఎక్కువ తీసుకుంటారు. అప్పటినుంచి ఆయన టెన్షన్ తగ్గింది, నాకు పది పదిహేను నిమిషాలు కలిసొచ్చాయి. పెద్ద ట్యాంకులు ఉన్నాయా అన్నది బుక్ చేయకముందే అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే చాలా హోటల్ షాపుల్లో ఉండవు. నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి, కూడా అడిగి ఉంచుకోండి. కొన్ని చోట్ల ఉచితం, కొన్ని చోట్ల ట్యాంకుకింత అని వేస్తారు. 32 శాతం ఆక్సిజన్ మిశ్రమంతో 110 అడుగులు దాటకూడదు, కోజుమెల్‌లో రెండో డైవ్ ఎలాగూ 50, 60 అడుగుల దగ్గరే ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు.

ఆ కలిసొచ్చిన నిమిషాల్లోనే ఒకసారి స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్‌ని తీరిగ్గా చూశాం. సహజంగా కోజుమెల్‌దే అనిపించుకున్న చేప అది. మొదట చెవికి వినిపిస్తుంది, కప్ప బెకబెకకూ ఫోన్ వైబ్రేషన్‌కీ మధ్య ఉండే చప్పుడు. డైవ్‌మాస్టర్ ఇసుక మీద వంగి పగడం అడుగున టార్చ్ వేస్తే, బల్లపరుపు తల, దాని మీద జీబ్రా చారలు, గడ్డం చుట్టూ తీగల్లాంటి మీసాలు, రెక్కల అంచున నిమ్మపండు పసుపు. కదలదు, బయటికి రాదు. ప్రవాహం మనల్ని లాగుతుంటే ఇసుకలో ఒక వేలు మోపి ఆగి చూడాలి. గుంపులో పద్నాలుగు మంది ఉంటే ఇది మీ వంతు వచ్చేసరికి డైవ్ ముగిసిపోతుంది. చిన్న గుంపు కావాలని నేను అంతగా పట్టుబట్టేది అందుకే.

తిండి గురించి మనవాళ్ళు తప్పక అడుగుతారు. మా ఆయన శాకాహారి. పెద్ద ఆల్ ఇన్‌క్లూజివ్‌లలో ఆయనకు ఇబ్బంది లేదు, అన్నం, బీన్స్, టోర్టియా, అవకాడో, పళ్ళు ఎప్పుడూ ఉంటాయి, ఆమ్లెట్ దగ్గర నిలబడి కూరగాయలు వేయించి పెట్టమంటే చేస్తారు. రుబ్బి వేయించిన బీన్స్‌లో పంది కొవ్వు వేయడం మెక్సికోలో మామూలే, అది అడిగి తినండి. కారం కావాలంటే హబనేరో సాల్సా అడగండి, మన గుంటూరు మిరపకాయను మించి ఉంటుంది. కందిపొడి డబ్బా ఒకటి వెంట ఉంటే నాలుగో రోజుకు ప్రాణం లేచొస్తుంది. చిన్న డైవ్ రిసార్ట్‌లలో వంట ఒకే రకం ఉంటుంది కాబట్టి శాకాహారమని ముందే రాసి చెప్పాలి, చెబితే విడిగా వండి పెడతారు.

మందు మాట. రోజుకు రెండు మూడు డైవ్‌లు చేసేవాళ్ళు తాగేది సాయంత్రం ఒక గ్లాసు, మర్నాడు లోతు డైవ్ ఉంటే అదీ వద్దు. అపరిమిత బార్‌కి కట్టే డబ్బు మనం వసూలు చేసుకోలేం. అందుకని డైవింగ్ మీదే మనసున్న జంటలకు నేను ఆల్ ఇన్‌క్లూజివ్ కంటే డైవ్ ప్యాకేజీ రిసార్ట్‌నే గట్టిగా చెప్తాను. రోవటాన్‌లో కోకో వ్యూ అలాంటిది. గది, మూడు పూటల భోజనం, పడవ డైవ్‌లు కలిపి వారానికి ఒకే ధర. రిసార్ట్ ముందు నీళ్ళలోనే ప్రిన్స్ ఆల్బర్ట్ అనే ఓడను ముంచి పెట్టారు, దానికి అటూ ఇటూ రెండు పగడపు గోడలు. పడవ అక్కర్లేదు, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఇద్దరం ట్యాంకు వేసుకుని ఒడ్డు నుంచి నడిచి దిగిపోవచ్చు, రాత్రయినా సరే. నాకు కరీబియన్ మొత్తంలో ఎక్కువ సంతోషం దొరికింది ఆ ఓడ దగ్గరే, వెంట గైడ్ లేకుండా మేమిద్దరమే, సమయం మా చేతిలో. గదులు సాదాసీదా, పక్కన తిరగడానికి ఊరు లేదు, ఇసుక ఈగలు పిక్కల్ని వదలవు. స్పా, బీచ్ కావాలనుకునేవాళ్ళు అక్కడ రెండు రోజుల్లో విసిగిపోతారు.

బొనేర్ ఇంకో రకం. 1979 నుంచి ద్వీపం చుట్టూ ఉన్న సముద్రమంతా మెరైన్ పార్కు. రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ళ మీద డైవ్ సైట్ పేర్లు రాసి ఉంటాయి. పికప్ అద్దెకు తీసుకుని వెనక ట్యాంకులు వేసుకుని, నచ్చిన రాయి దగ్గర ఆపి దిగడమే. బడ్డీ డైవ్ దగ్గర పెట్రోల్ బంకులా బండి లోపలికి పోనిచ్చి ట్యాంకులు మార్చుకుని బయటికి వచ్చేయొచ్చు. అలాంటి చోట మధ్యాహ్నం భోజనానికి హోటల్‌కి ఎవరు వెనక్కి వస్తారు? కాబట్టి బొనేర్‌లో ఆల్ ఇన్‌క్లూజివ్ వద్దే వద్దు, వంటగది ఉన్న గది తీసుకోండి. డైవర్ల పార్కు రుసుము 40 డాలర్లు, ద్వీపంలోకి వచ్చే పర్యాటకులకు 75 డాలర్ల పన్ను వేరే ఉంది, ఇవి లెక్కలో కలుపుకోండి. తుపాన్ల దారికి దక్షిణంగా ఉంటుంది కాబట్టి సెప్టెంబరు, అక్టోబరులో వెళ్ళాలనుకునేవాళ్ళు కోజుమెల్ బదులు దీన్ని చూడొచ్చు.

ఇద్దరిలో ఒకరే డైవర్ అయినా, ఒకరు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా, సాండల్స్ తరహా రిసార్ట్ మంచిది. నీళ్ళలోకి దిగని వాళ్ళకు రోజంతా కాలక్షేపం ఉంటుంది, అదొక్కటే కారణం.

చలికాలంలో కోజుమెల్‌కి ఉత్తరపు గాలి వస్తుంది, అక్కడ నోర్తె అంటారు. గాలి ముదిరితే హార్బర్ అధికారులు చిన్న పడవలకు పోర్టు మూసేస్తారు, అప్పుడు ఎంత డబ్బు కట్టినా డైవ్ లేదు. అందుకే ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీలో పోర్టు మూస్తే తిరిగిస్తారా, లేక హోటల్‌లో వాడుకునే క్రెడిట్ ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఒక షాపు మాకు క్రెడిట్ మాత్రమే ఇచ్చింది, అది టీషర్టులు కొనడానికి తప్ప పనికి రాలేదు.

రీఫ్ పరిస్థితి కూడా చెప్పాలి, ఎందుకంటే పాత వీడియోలు చూసి వెళ్ళేవాళ్ళకు మనసు కష్టపడుతుంది. ఫ్లోరిడాలో 2014లో బయటపడ్డ పగడపు కణజాలం ఊడిపోయే రోగం 2018లో కోజుమెల్‌కి, 2023లో బొనేర్‌కి చేరింది. ఆ 2023లోనే నీళ్ళు విపరీతంగా వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. మెదడు ఆకారంలో ఉండే పెద్ద పగడాలు మేము మొదట్లో చూసిన చోట ఇప్పుడు బూడిద రంగు బండలున్నాయి, వాటి మీద నాచు. ఆ పక్కన ఈదుతుంటే గుండె బరువెక్కుతుంది. స్పాంజ్‌లు, తాబేళ్ళు, ఈగల్ రే చేపలు, పలాంకార్ గుహల్లోంచి పడే వెలుతురు ఇప్పటికీ చూసి తీరాల్సినవే.

అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే భారత పాస్‌పోర్టుతో మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, మిగతా ద్వీపాలకు ఎక్కడికక్కడ చూసుకోవాలి. డ్యాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) లాంటి డైవింగ్ ఇన్సూరెన్స్ ఇద్దరికీ తీసుకోండి, మామూలు ట్రావెల్ పాలసీలో డైవింగ్ జబ్బుకు వైద్యం చేసే ప్రెషర్ ఛాంబర్ ఖర్చు వస్తుందని నమ్మొద్దు. వరసగా డైవ్‌లు చేశాక ఫ్లైట్ ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే ఆ లెక్క వేయండి. మేము ఆదివారం మధ్యాహ్నం ఫ్లైట్ తీసుకుంటాం, దాంతో శనివారం పొద్దున రెండు డైవ్‌లూ దక్కుతాయి, గేర్ ఆరబెట్టుకోవడానికి రాత్రంతా ఉంటుంది.