ఒక ఫుల్ ట్యాంక్, రెండు రాత్రులు

ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి డాష్‌బోర్డు మీద ఇంకా 150 కిలోమీటర్లు వస్తుందని చూపిస్తోంది. కొండ మీద బంకు అక్కడికి 68 కిలోమీటర్లు. కిందే ఒక బంకు కనిపించింది కానీ డివైడర్‌కి అవతల ఉంది. యూటర్న్ కోసం చాలా దూరం వెళ్లాలి. "సగానికి పైగా మిగులుతుందిరా, పోదాం" అన్నాడు అన్నయ్య. నాకూ లెక్క సరిగ్గానే అనిపించింది. వెనక సీట్లో అమ్మ కాళ్లు చాపుకుని నిద్రపోతోంది.

ఇరవై కిలోమీటర్లు ఎక్కేసరికి ఆ 150 కాస్తా 95 అయింది. ఆ తర్వాత ఒక్కో మలుపు తిరిగేసరికి రెండో మూడో తగ్గుతూ వచ్చింది. ట్రిప్ మీటర్ 470 దగ్గర ఉండగా పసుపు లైటు వెలిగింది. అన్నయ్య ఏసీ ఆపేశాడు. టెన్షన్‌తో ఇద్దరం మాట్లాడటం మానేశాం. 488 దగ్గర బంకు వచ్చింది. లైట్లు ఆర్పేసి ఉన్నాయి, పంపులకి అడ్డంగా గొలుసు కట్టి ఉంది. మళ్లీ పొద్దున ఆరింటికి తీస్తారట. తర్వాతి బంకు ఇంకో 40 కిలోమీటర్లు. డాష్‌బోర్డు మీద అంకె పోయి రెండు గీతలు మాత్రం మిగిలాయి.

ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో మేం ఎంచుకోలేదు. బంకు పక్కన ఉన్నది ఒకటే లాడ్జి. ఖాళీగా ఉన్నది ఒకటే గది, అదీ రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, కాసేపు ఆగి, కమ్మీ పట్టుకుని పైమెట్టుకి వెళ్తుంది. 34 మెట్లు. నేను వెనక నిలబడి లెక్కపెడుతూనే ఉన్నాను. మధ్యలో మలుపు దగ్గరికి లాడ్జి కుర్రాడు ఎవరూ అడక్కుండానే కుర్చీ తెచ్చి వేశాడు. అతని మంచితనం వల్లే ఆ రాత్రి గడిచింది.

ఆ లాడ్జి గురించి చెడుగా రాయడం న్యాయం కాదు. రాత్రి నాలుగు గంటలు నడుం వాల్చి తెల్లవారుజామున బండి తీసే డ్రైవర్ల కోసం కట్టింది అది. దుప్పటి ఉతికినదే. బాత్రూంలో నీళ్లు వచ్చాయి, వేడినీళ్లు మాత్రం రాలేదు. కిటికీ కింద లారీలు ఇంజిన్ ఆపకుండా నిలబడటం వల్ల గది గోడ సన్నగా అదురుతూనే ఉంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకి పరవాలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇలాంటి చోట దిగాల్సిన పరిస్థితి తెచ్చుకోకూడదు. మేం తెచ్చుకున్నాం. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పొద్దున బంకు తెరిచాక ఆటో కట్ అయ్యేదాకా కొట్టించాం. 41.2 లీటర్లు పట్టింది. మా కారు ట్యాంకు 45 లీటర్లు. అంటే రాత్రి ఆగినప్పుడు నాలుగు లీటర్లు కూడా లేవు. 488ని 41.2తో భాగిస్తే లీటరుకి 11.8 కిలోమీటర్లు. కొన్నప్పటి నుంచి "మన బండి పద్దెనిమిది ఇస్తుంది" అని చెప్పుకుంటూ వచ్చిన కారు ఇదే.

మైలేజీ కొలవడానికి నాకు నమ్మకమైన పద్ధతి ఇదొక్కటే. ఆటో కట్ దాకా నింపి ట్రిప్ మీటర్ సున్నా చెయ్యాలి. తిరిగాక మళ్లీ ఆటో కట్ దాకా నింపి, పట్టిన లీటర్లతో దూరాన్ని భాగించాలి. నాజిల్ కొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ దాన్ని మూసేయగానే లోపలి మీట విడిపోయి పంపు ఆగిపోతుంది. అక్కడితో ఆపేయాలి. ఇంకో లీటరు పడుతుందని మెడ దాకా నింపితే లెక్క తప్పడమే కాదు, పెట్రోల్ ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలే వెళ్లి అది పాడయ్యే ప్రమాదం ఉంది.

మా చివరి మజిలీ అక్కడికి ఇంకా 272 కిలోమీటర్లు, కొండల మధ్య ఒక సరస్సు. మూడు రోజులున్నాం, అమ్మకి నచ్చింది. ఆ మూడు సాయంత్రాలూ నేనూ అన్నయ్యా ఒకటే విషయం మాట్లాడుకున్నాం: ఆ 150 ఎందుకు అబద్ధమైంది?

నిజానికి అబద్ధం కాదు. ఆ అంకెని కారు ఇటీవలి వాడకం సగటుని బట్టి వేస్తుంది. అప్పటిదాకా మేం వచ్చింది చదునైన రోడ్డు, లీటరుకి 13.5 చూపించింది. ముందు కొండ ఉందని కారుకి తెలియదు. నిండు లోడుతో ఆ ఘాట్ ఎక్కేటప్పుడు మాకు వచ్చింది ఏడు లోపే.

మరి చదును రోడ్డు మీద కూడా 13.5 మాత్రమే ఎందుకు వచ్చింది? రెండు తప్పులు మావే. ఒకటి వేగం. రోడ్డు బాగుందని 115 దగ్గర లాగించాం. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 85కీ 115కీ మధ్య ఆ అడ్డు 80 శాతానికి పైగా ఎక్కువ. రెండోది నెత్తిన పెట్టుకున్న కేరియర్ పెట్టె. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం పైకప్పు మీద పెద్ద పెట్టె ఉంటే 105 నుంచి 120 కిలోమీటర్ల వేగాల్లో మైలేజీ 10 నుంచి 25 శాతం దాకా పడిపోతుంది. ఊళ్లో తిరిగితే 2 నుంచి 8 శాతమే. అంటే పెట్టె బరువు కంటే అది గాలిని అడ్డుకోవడమే అసలు నష్టం. మా పెట్టెలో ఉన్నవి ఏమిటో చూస్తే రెండు దుప్పట్లు, ఒక మడత కుర్చీ, చెప్పుల సంచి. అన్నీ డిక్కీలో పట్టేవే.

టైర్లలో గాలి కూడా ఐదు పాయింట్లు తక్కువ ఉంది. దాని వల్ల మైలేజీలో తేడా చిన్నదే, పాయింటుకి 0.2 శాతం లెక్కన ఒక శాతం. అయినా లోడుతో కొండ దిగే బండికి టైర్లు మెత్తగా ఉండకూడదు కాబట్టి గాలి కొట్టించాం. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది, నిండు లోడుకి వేరే అంకె ఉంటుంది. అంతకుముందు మాలో ఎవరమూ ఆ స్టిక్కర్ చదవలేదు.

కంపెనీ చెప్పే మైలేజీ మీద కూడా నాకు కోపం పోయింది. యూరప్‌లో 2017 నుంచి వాడుతున్న డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షనే చూడండి. ల్యాబులో రోలర్ల మీద 30 నిమిషాలు, 23 కిలోమీటర్లు, సగటు వేగం 46.5. ఏ కారుని ఏ కారుతో పోల్చాలో చెప్పడానికి అది పనికొస్తుంది. మన కొండ, మన లోడు అందులో ఉండవు.

ఒక్క ట్యాంకుతో ఎంత దూరం పోవచ్చో నిజంగా చూపించినవాళ్లూ ఉన్నారు. 2012లో జాన్, హెలెన్ టేలర్ దంపతులు ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ డీజిల్ కారులో ఒక్క ట్యాంకుతో 1,626 మైళ్లు, అంటే 2,600 కిలోమీటర్లకు పైగా వెళ్లారు. ఆ ట్యాంకు 70 లీటర్లు. వాళ్ల ఓపిక అంటే నాకు చాలా గౌరవం. అయితే నాకు రికార్డు కంటే కెనడాలోని డెంప్‌స్టర్ హైవే మీద వెళ్లేవాళ్ల లెక్క ఎక్కువ పనికొచ్చింది. అక్కడ రోడ్డు మొదలయ్యాక ఈగిల్ ప్లెయిన్స్ దాకా దాదాపు 370 కిలోమీటర్లు బంకు ఉండదు. మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో టాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని బోర్డు ఉండేది. అలాంటి దారిలో వెళ్లేవాళ్లు ట్యాంకుని గరిష్ఠంతో కొలవరు, కనిష్ఠంతో కొలుస్తారు. మేం తిరుగు ప్రయాణాన్ని అలా వేసుకున్నాం.

మాన్యువల్ ప్రకారం లైటు వెలిగేటప్పటికి మా ట్యాంకులో 6 లీటర్లు ఉంటుంది. ఆ ఆరూ లేనట్టే అనుకున్నాం. పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. అస్తమానం రిజర్వులో తిప్పితే పంపుకే మంచిది కాదు. 45లో 6 పోతే 39. వచ్చేటప్పటి 11.8తోనే లెక్క వేసినా 460 కిలోమీటర్లు. ఆ 460 లోపల ఎక్కడ రాత్రి ఉండాలో అన్నయ్య ముందే వెతికి పెట్టాడు. ఘాట్ దిగాక, నది ఒడ్డున, 340వ కిలోమీటరు దగ్గర. ఫోన్ చేసి రెండే అడిగాడు: కింది అంతస్తులో గది ఉందా, కారు గది ముందు దాకా వస్తుందా.

బయల్దేరేటప్పుడు మళ్లీ ఆటో కట్ దాకా నింపి ట్రిప్ మీటర్ సున్నా చేశాం. పెట్టె విప్పి, కేరియర్ కడ్డీలు కూడా తీసి డిక్కీలో పెట్టాం. వేగం 85 దాటలేదు. ఘాట్ దిగేటప్పుడు అన్నయ్య పాత అలవాటుగా న్యూట్రల్‌లోకి వేయబోతే ఆపాను. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లకి పెట్రోల్ సరఫరా ఆగిపోతుంది, బ్రేకుల మీద భారమూ తగ్గుతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరుగుతూనే ఉండాలి కాబట్టి పెట్రోల్ తాగుతుంది. మూడో గేరులో దిగుతుంటే మీటర్ మీద మైలేజీ 99.9 దగ్గర ఆగిపోయింది. అన్నయ్య చాలాసేపు ఆ అంకెనే చూశాడు. "రోడ్డు చూడు" అంది అమ్మ వెనక నుంచి.

నది ఒడ్డున దిగిన చోటు పెద్ద గొప్పదేం కాదు. గది చిన్నది, వైఫై ఆగి ఆగి వచ్చింది, భోజనం ముందే చెప్పకపోతే దొరకదు. కానీ కారు తలుపుకీ గది తలుపుకీ మధ్య ఎనిమిది అడుగులు. ఒక్క మెట్టు, అదీ వెడల్పైనది. బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ ఉంది. వేడినీళ్లు వచ్చాయి. అమ్మ చెయ్యి పట్టుకోనివ్వకుండా తనే వెళ్లి మంచం మీద కూర్చుంది. ఈ రెండు బసల్లో సదుపాయాల తేడా కంటే పెద్ద తేడా ఏమిటంటే, రెండోదాన్ని మేం ఎంచుకున్నాం.

మర్నాడు 655 దగ్గర ఒక బంకులో ఆగాం. అప్పటికి లైటు వెలగలేదు. ఇల్లు ఇంకా 105 కిలోమీటర్లే, లాగితే వచ్చేసేది. కానీ వెళ్లేటప్పుడు చూసి గుర్తుపెట్టుకున్న బంకు అది: మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది, ర్యాంపు ఉంటుంది, గాలి మిషన్ పనిచేస్తుంది. మూత ఏ వైపు ఉందో తెలియక అద్దంలోంచి చూడబోయిన అన్నయ్యకి, మీటర్‌లో బంకు బొమ్మ పక్కన ఉండే చిన్న బాణం చూపించాను. 1986లో ఫోర్డ్ ఉద్యోగి జిమ్ మోయ్‌లాన్ వానలో తడుస్తూ తప్పు వైపు నిలిపిన కారుని మళ్లీ తిప్పుకోవాల్సి వచ్చి, కంపెనీకి రాసిచ్చిన ఆలోచన అది.

ఆటో కట్ దాకా 36.6 లీటర్లు. లీటరుకి 17.9. దీన్ని వచ్చేటప్పటి 11.8తో నేరుగా పోల్చకూడదు, ఘాట్ దిగుడు మాకు కలిసొచ్చింది. చదును రోడ్డు వరకే చూస్తే అప్పుడు 13.5, ఇప్పుడు 18. అదంతా వేగం, పెట్టె. నష్టం ఏమిటంటే అదే చదునులో గంటంపావు ఎక్కువ పట్టింది. ఆ గంటంపావు అమ్మ కిటికీ వైపు తల ఆనించి నిద్రపోయింది. 115లో వెళ్లినప్పుడు గాలి హోరుకి నిద్ర పట్టలేదని అప్పుడు చెప్పింది.

ఇంటికొచ్చాక ట్యాంకు మూత లోపలి వైపు ఒక తెల్ల స్టిక్కర్ అంటించి పర్మనెంట్ మార్కర్‌తో రాశాను: "చదును 650. కొండ ఉంటే 400." అన్నయ్య దాని కింద తన చేతిరాతతో ఇంకో లైను చేర్చాడు: "రాత్రి అయితే ముందే నింపు."