డాబా మీద సూర్యుడు: సోలార్ ఫిల్టర్‌తో నాలుగేళ్లు

మా ఇల్లు శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో ఉంది. రథసప్తమి నాడు తెల్లవారకముందే వీధంతా జనం. ఆ సూర్యనారాయణ స్వామిని కళ్లారా చూడాలన్న కోరికతోనే నాలుగేళ్ల కిందట నా 80 మి.మీ. టెలిస్కోప్‌కి బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్ కొన్నాను. చూడటానికి ఏ4 కాగితమంత వెండి రేకు. లక్ష పాళ్ల వెలుగులో ఒక్క పాలునే లోపలికి వదులుతుంది.

దీన్ని గొట్టం ముందువైపు, లెన్స్‌కి ముందే బిగించాలి. కొన్ని టెలిస్కోపులతో ఐపీస్‌కి, అంటే కన్ను ఆనించి చూసే కటకానికి, తిప్పి పెట్టే చిన్న నల్ల అద్దం వస్తుంది. వేడికి అది ఎప్పుడైనా పగలొచ్చు, పగిలినప్పుడు కన్ను అక్కడే ఉంటుంది. నాకు వచ్చినదాన్ని సుత్తితో కొట్టి పారేశాను. రెటీనాకి నొప్పి తెలియదు, కాలిపోయాక గానీ సంగతి బయటపడదు. గురి చూసుకోవడానికి పక్కన ఉండే చిన్న దుర్భిణి, ఫైండర్‌కి కూడా మూత పెట్టేస్తాను. గొట్టం నీడ నేల మీద బాగా చిన్నదయ్యేదాకా తిప్పితే సూర్యుడు దొరికిపోతాడు.

ఫిల్మ్ మీద నాకు ఫిర్యాదు లేదు. భయపెట్టింది దాన్ని గొట్టానికి పట్టి ఉంచడానికి విడిగా కొన్న ప్లాస్టిక్ మూత. కాస్త వదులుగా ఉండేది. ఒక మార్చి మధ్యాహ్నం సముద్రపు గాలి విసురుకి పక్కకి ఒరిగింది. అప్పుడే మా పాప ఐపీస్ మీదకి వంగబోతోంది. చెయ్యి అడ్డం పెట్టాను, అరచేతిలో నిప్పురవ్వ పడ్డట్టు చురుక్కుమంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే అట్టతో బిగుతైన మూత చేసి, లోపల వెల్వెట్ గుడ్డ అంటించాను. ఇప్పుడు దాని మీద మూడు చోట్ల టేప్ కూడా వేస్తాను.

ఇంకో మాట. మన ఉప్పుగాలికి తేమ పట్టిందని ఒకసారి రేకుని గుడ్డతో తుడిచాను. గీతలు పడ్డాయి. ఎల్ఈడీ బల్బుకి ఎదురుగా పెడితే సూదిమొనంత వెలుగు చుక్కలు రెండు. వెంటనే కత్తిరించి పడేసి, మిగిలిన ముక్క నుంచి కొత్తది వేసుకున్నాను. అప్పటి నుంచి ప్రతిసారీ ముందు బల్బు పరీక్షే. ముడతలున్నా పరవాలేదు, సాగదీసి బిగించకూడదు.

చూడటానికి పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్య బాగుంటుంది. శ్లాబు వేడెక్కాక సూర్యుడి అంచు సలసల కాగే నీళ్లలా కదులుతుంది. ఫోటోకి ఫోన్‌ని ఐపీస్‌కి క్లాంప్‌తో పట్టించి, బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, రెండు సెకన్ల టైమర్ పెడతాను. ముప్పై సెకన్ల వీడియో తీసి మంచి ఫ్రేములు కలిపితే ఇంకా స్పష్టంగా వస్తుంది.

2024 మేలో సూర్యుడి మీద పెద్ద మచ్చల గుంపు వచ్చినప్పుడు మా డాబా మీద క్యూ కట్టారు. వెడల్పులో భూమికి పదిహేను రెట్లట, ఐపీస్‌లో మాత్రం చిందిన నల్ల నువ్వుల్లా ఉంది. పక్కింటి మామ్మ చూసి, "బాబూ, సామికి ఈ మచ్చలేటి?" అంది. చుట్టూ ఉన్నంత వేడి అక్కడ లేదు మామ్మా, అందుకే నల్లగా కనిపిస్తుందని చెప్పాను. మర్నాడు మళ్లీ వచ్చి, మచ్చ జరిగిందని తనే కనిపెట్టింది.

జ్వాలలు మాత్రం దీనితో కనిపించవు. వాటికి హైడ్రోజన్ ఇచ్చే ఒక ఎర్ర వెలుగుని మాత్రమే వదిలే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ కావాలి, దాని ధర నా టెలిస్కోప్‌కి ఎన్నో రెట్లు. ప్రస్తుతానికి నాకు మచ్చలు చాలు. ఈ రేకు పాడైతే మళ్లీ ఇదే కొంటాను.