టీఎంటీ లేబులా, లేబుల్ లేని డీఐఏనా?

మాస్ స్పెక్ట్రోమీటరుతో ప్రోటీన్లను కొలిచే ప్రోటియోమిక్స్ ల్యాబులో శాంపిళ్లు చేతికొచ్చేలోపే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. టీఎంటీ అంటే ఒక్కో శాంపిల్‌లోని పెప్టైడ్లకు (ప్రోటీన్ ముక్కలకు) ఒక్కో రసాయన లేబుల్ తగిలించి, అన్నీ కలిపి ఒకేసారి కొలవడం. డీఐఏ అంటే లేబుల్ లేకుండా ఒక్కో శాంపిల్‌నీ విడిగా రన్ చేసి కొలవడం.

ఖర్చు: టీఎంటీలో డబ్బంతా రీఏజెంటుకే. డీఐఏలో ఆ ఖర్చు లేదు గానీ మెషీన్ టైమ్ తింటుంది. గంట రన్ చొప్పున 100 శాంపిళ్లంటే నాలుగు రోజుల పైమాటే, బ్లాంకులూ (ఖాళీ రన్లు) క్యూసీలూ (నాణ్యత చూసే రన్లు) కాక.

శ్రమ: టీఎంటీలో కష్టమంతా బెంచి మీదే. 18 శాంపిళ్ల సెట్టయితే 18 ట్యూబుల్లోనూ పెప్టైడ్ సమానంగా ఉండాలి. హెపెస్ బఫర్‌లో పీహెచ్ 8.5 దగ్గర గంటసేపు లేబుల్ పట్టించాలి. లేబుల్ అంటుకునేది అమీన్లకు కాబట్టి, ముందు వాడిన బఫర్లలోని ట్రిస్ గానీ అమ్మోనియం బైకార్బొనేట్ గానీ మిగిలి ఉంటే వాటి అమీన్లే లేబుల్‌ని మింగేస్తాయి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అందుకే హైడ్రాక్సిలమిన్ వేసి ఆపకముందే ట్యూబుకో మైక్రోలీటరు తీసి చిన్న రన్ వేయండి, మిగతాది మైనస్ 80లో పెట్టి. లేబులింగ్ 95 శాతం దాటకపోతే ఇంకాస్త లేబుల్ కలపొచ్చు. అన్నీ ఒకే ట్యూబులో పోశాక ఏమీ చేయలేం.

డీఐఏలో ఈ తంటా లేదు.

రిస్క్: టీఎంటీలో పక్క పెప్టైడ్లు కలిసొచ్చి నాలుగు రెట్ల తేడా రెండు రెట్లుగా కనబడొచ్చు. ఎంఎస్3 (ముక్కల్ని మెషీన్‌లో మరోసారి విరగ్గొట్టి కొలిచే పద్ధతి) ఉంటే కొంత నయం. డీఐఏలో కాలమ్ (పెప్టైడ్లను విడదీసే గొట్టం) తీరు రోజురోజుకీ మారుతుంది. కేసులన్నీ సోమవారం, కంట్రోళ్లన్నీ గురువారం రన్ చేస్తే తేడా జబ్బుదో కాలమ్‌దో ఎవరూ చెప్పలేరు. వరస కలగలపాల్సిందే. అయితే ఒక శాంపిల్ చెడితే అదొక్కటే మళ్లీ వేస్తే చాలు.

18 లోపు సెల్ శాంపిళ్లు, టైమ్ కోర్సు (వేర్వేరు సమయాల్లో తీసిన శాంపిళ్లు), ఫాస్ఫో పని (ప్రోటీన్లకు తగిలిన ఫాస్ఫేట్లను కొలవడం) అయితే టీఎంటీ. వందల ప్లాస్మా శాంపిళ్లు, అవీ విడతలవారీగా వచ్చేవైతే డీఐఏ.