నాలుక అంగిట్లో పెడితే దవడ వస్తుందా? చాలాకాలం వాడాక నా మాట

వైజాగ్ జిమ్‌లలో మ్యూయింగ్ పేరు వినని కుర్రాడు ఇప్పుడు దాదాపు దొరకడు. నాలుకను అంగిలికి ఆనించి, పెదవులు మూసి, ముక్కుతో గాలి పీల్చుకుంటే దవడ గీత తేలుతుందని దాని ప్రచారం. నేను రెండేళ్లకు పైగానే చేస్తున్నాను. ఇప్పటికీ మానలేదు, కాకపోతే దవడ కోసం కాదు.

ముందు పద్ధతి. నాలుక కొన ముందు పళ్ల వెనకున్న చిన్న బుడిపె దగ్గర ఉండాలి, పళ్లను నెట్టకూడదు. రోజంతా నెడితే పళ్లే ముందుకు జరిగే ప్రమాదం ఉంది. కొన పెట్టడం ఎవరికైనా వస్తుంది, అసలు తిప్పలు వెనక భాగంతోనే. 'గంగ' అనబోయి మధ్యలో సున్న దగ్గర ఆగిపోండి. నాలుక వెనక భాగం పైకి అతుక్కుంటుంది, అదే చోటు. మొదట్లో మద్దిలపాలెంలో బస్సెక్కి గాజువాకలో దిగేదాకా అలాగే పట్టి ఉంచేవాణ్ని. దిగేసరికి గడ్డం కింద కండరం పీకేసేది. ఇంట్లోనూ అదే వరస. మా అమ్మ చూసి, "ఏట్రా, మూతి బిగించుకు కూర్చున్నావు? ఎవరేటన్నారు?" అనేది.

ఇక ఫలితం. అద్దం ముందు నిలబడి నాలుకను పైకి నొక్కితే గడ్డం కింద జారినట్టుండే భాగం అప్పటికప్పుడు బిగుస్తుంది. నోటి అడుగునున్న కండరం పైకి లేస్తుంది కదా, అందుకు. వదిలేస్తే మళ్లీ మామూలే. యూట్యూబ్‌లో చూపించే 'ముందు, తరవాత' ఫోటోల్లో చాలా మాయ ఇక్కడే ఉంది. తల కాస్త ఎత్తి, లైటు మార్చి, ఈలోగా నాలుగు కేజీలు తగ్గితే ఇక చెప్పేదేముంది! నేను మాత్రం బాల్కనీ తలుపు పక్కన, పొద్దుటి వెలుతురులో, ఫోన్‌ను అదే స్టూలు మీద పెట్టి, నాలుక వదులుగా ఉంచి ఫోటోలు తీసుకునేవాణ్ని. పక్కపక్కన పెట్టి చూస్తే దవడలో వెంట్రుకవాసి తేడా లేదు.

ఉండదు కూడా. ఎదిగే వయసు దాటాక అంగిలి మధ్యనున్న ఎముకల అతుకు గట్టిపడిపోతుంది, నాలుక ఒత్తిడికి అది జరగదు. ఈ పద్ధతికి పేరిచ్చింది బ్రిటన్ దంతవైద్యులు జాన్ మ్యూ, ఆయన కొడుకు మైక్ మ్యూ. పిల్లలకు చేసిన చికిత్స విషయంలో విచారణ జరిగి, 2024లో మైక్ పేరును అక్కడి దంతవైద్యుల రిజిస్టరు నుంచి తీసేశారు. ఈ సంగతి మన రీల్స్‌లో ఎవరూ చెప్పరు.

ముఖం వ్యాయామాల సంగతి కొంచెం వేరు. ఎంవీపీ కాలనీలో ఉండే మా అక్కకు నలభై దాటాయి. బుగ్గలు పైకెత్తి వేళ్లతో నొక్కి పట్టేవి, పెదవులు సున్నాలా చుట్టి నవ్వేవి రోజూ చేసింది. బుగ్గలు కాస్త నిండుగా కనిపిస్తున్నాయి, నేనూ ఒప్పుకుంటాను. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన అధ్యయనంలోనూ 40 నుంచి 65 ఏళ్ల మహిళలు 20 వారాలు ఇలాంటివే చేశారు. మొదటి 8 వారాలు రోజూ అరగంట. చివరిదాకా నిలిచింది 16 మందే, పోల్చి చూడడానికి మరో బృందం లేదు. వాళ్లలోనూ బుగ్గలే నిండాయి. ఎందుకంటే వ్యాయామం కండరాన్ని పెంచుతుంది, అక్కడి కొవ్వును కరిగించదు. ముఖం సన్నబడాలని గట్టి గమ్ములు నమిలేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మా జిమ్‌లో ఒకతను అలా నమిలి నమిలి, ఇప్పుడు నోరు తెరిస్తే చెవి దగ్గర 'టక్' మంటోందని డెంటిస్టు చుట్టూ తిరుగుతున్నాడు.

మరి నేనెందుకు మానలేదంటే, పగలు నోరు తెరిచి గాలి పీల్చే అలవాటు పోయింది. అదీ ఒక్క నాలుక వల్లే కాదు. ముక్కు మూసుకుపోయి ఉంటే పెదవులెలా మూస్తాం? నాకు దుమ్ము అలర్జీ, పైగా గాజువాక రోడ్డు. ఈఎన్‌టీ డాక్టరు స్ప్రే రాసిచ్చాకే ముక్కు దారికొచ్చింది. పొద్దున్న లేచేసరికి నోరు ఎండిపోయి ఉండడం ఇప్పుడు చాలా తగ్గింది.

పిల్లల చేత చేయిస్తున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లాడు రోజూ నోరు తెరిచి పడుకుంటున్నా, గురక పెడుతున్నా వీడియోలు చూపించకండి. ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే మెత్తటి గడ్డలు పెరిగి దారికి అడ్డుపడుతుండొచ్చు, ముందు ఈఎన్‌టీకి చూపించండి.